మేతా? ఎరా?

సూరత్ నగరంలో లింబాయత్, ఉధనా వాడల్లో నడిచేవారికి పవర్‌లూమ్ మగ్గాల చప్పుడుతోబాటు తెలుగు మాట కూడా వినిపిస్తుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి బ్రతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చి, తరాలుగా ఇక్కడే స్థిరపడిన నేత కుటుంబాలవి. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు బడులు కూడా ఉన్నాయంటే ఆ సంఖ్య ఎంతటిదో పాఠకులు ఊహించుకోవచ్చు. అనువాదం నా వృత్తి. కనుక బ్యాంకు నోటీసు మొదలు మందుసీసా మీది చీటీ దాకా, ఇంగ్లీషులో ఏ కాగితం వచ్చినా ఇరుగుపొరుగులు నా వద్దకే తెస్తారు. ప్రతిఫలం సాధారణంగా ఒక కప్పు టీ.

నిరుడు ఫిబ్రవరిలో మా వీధి చివర ఉండే పద్మశాలి వృద్ధుడొకాయన అట్లాగే వచ్చారు. ఎనభై అయిదేళ్లు దాటిన మనిషి. మేమంతా తాతా అనే పిలుస్తాము. ఆయన మనుమడు అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తూ, పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక పల్లె దగ్గర నలభై ఎకరాల కొండభూమి కొన్నాడు. పాత యజమాని పోతూపోతూ చేతిలో పెట్టిన చిన్న పుస్తకాన్ని మనుమడు తాతకు పంపాడు.

"గీ కాయిదాలు జర సదివి చెప్పు బిడ్డా. భూమి గొన్నడట. ఆ భూమిల జింకల కోసం చెట్లు పెట్టిన్రట. గదేందో నాకు సమజ్ గాలె," అన్నారు.

చదివి చెప్పడం సులభమే. కాని ఆయన కోరింది అది కాదు. తెలుగులో రాసి ఇమ్మన్నారు, నిదానంగా తామే చదువుకుంటారట. అక్కడ మొదలైంది నా ఇబ్బంది.

పుస్తకం చెస్ట్‌నట్ చెట్లను గురించి. వేటాడే భూమిలో జింకలకు ఆహారంగా ఆ చెట్లను ఎట్లా నాటాలి, ఎక్కడ నాటాలి, కాపు ఎప్పుడు వస్తుంది, రాలిన కాయల కోసం జింకలు ఏ దారిన వస్తాయి, వేటగాడు ఏ వైపున కూర్చోవాలి అన్న వివరాలు అందులో ఉన్నాయి. చెస్ట్‌నట్‌కు తెలుగులో మాట లేదు, ఎందుకంటే తెలుగునేల మీద ఆ చెట్టు లేదు. పక్కింటి గుజరాతీ బెన్‌ను అడిగితే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "శింగోడా!" అన్నది. శింగోడా అంటే చెరువుల్లో పండే కాయ. ఉపవాసాల నాడు దాని పిండితోనే ఫలహారం చేసుకుంటారు. ఇంగ్లీషులో దానిని నీటి చెస్ట్‌నట్ అంటారు కనుక ఆమె పొరపాటేమీ లేదు. సంస్కృతంలో దాని పేరు శృంగాటకం, అనగా కొమ్ములు గలది. జింకల ఆహారాన్ని వెతకబోయి జింక కొమ్ముల దగ్గర ఆగిపోయాను.

ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవారికి ఈ చెట్టు మరొక మోసం కూడా చేసింది. లాంగ్‌ఫెలో 1840లో ప్రచురించిన 'ది విలేజ్ బ్లాక్‌స్మిత్' పద్యంలో కమ్మరి కొలిమి మీద నీడపట్టే చెస్ట్‌నట్‌ను మా తరం బడిలోనే కంఠస్థం చేసింది. నిజానికి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఆ కవి చూచినది హార్స్ చెస్ట్‌నట్. దాని గింజ చేదు, మనిషికి విషం కూడా. 1876లో వీధి వెడల్పు కోసం ఆ చెట్టును కొట్టివేశారు. ఆ కలపతో కుర్చీ చేయించి 1879లో ఊరి పిల్లలు కవికి కానుకగా ఇచ్చారు. అసలు చెస్ట్‌నట్ వేరే కుటుంబం, ఓక్ చెట్టుకు దాయాది. ముళ్లబంతి వంటి తొడుగులో రెండు మూడు గోధుమరంగు గింజలుంటాయి. పిండిపదార్థం మెండు, కొవ్వు స్వల్పం, రుచి తీపి. శీతదేశాల వీధుల్లో చలికాలంలో కాల్చి అమ్ముతారు.

ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం జింకలు ఈ గింజనే ఎందుకు ఎంచుకుంటాయన్న చర్చ. అక్కడి అడవుల్లో జింకకు శరత్కాలపు ముఖ్యాహారం ఓక్ గింజ. కాని ఓక్ గింజలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది, కొన్ని జాతుల్లో బాగా ఎక్కువ. పైగా ఓక్ చెట్టు ఏటేటా ఒకే తీరున కాయదు. ఒక ఏడు కుప్పలుగా రాల్చి, ఆ తరువాత రెండేళ్లు చేతులు ముడుచుకొని కూర్చుంటుంది. చెస్ట్‌నట్‌లో వగరు తక్కువ. వేసవి మొదట్లో, వసంతపు చివరి మంచు వెళ్లిపోయాకనే పూస్తుంది కనుక పూత మాడిపోదు, కాపు ఇంచుమించు ఏటా తప్పదు. చలికి ముందు కండ పట్టించుకోవలసిన జింకకు ఇంతకంటె నమ్మకమైన వంటిల్లు లేదు.

ఒకప్పుడు ఆ వంటిల్లు ఎవరూ నాటకుండానే ఉండేది. అమెరికా తూర్పు కొండల అడవుల్లో కొన్నిచోట్ల ప్రతి నాలుగు చెట్లలో ఒకటి చెస్ట్‌నట్ అని అంచనా. 1904లో న్యూయార్క్ జంతు ప్రదర్శనశాల ఆవరణలోని చెట్ల బెరడు మీద ఒక బూజు తెగులు కనిపించింది. ఆసియా నుంచి తెచ్చిన మొక్కలతోబాటు వచ్చిన తెగులు అది. పెన్సిల్వేనియా ప్రభుత్వం 1911లో ప్రత్యేకంగా ఒక సంఘాన్నే నియమించి, తెగులు సోకిన చెట్లను నరికించి చూచింది. లాభం లేకపోయి రెండేళ్లలో ఆ ప్రయత్నం విరమించింది. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలానికి మూడు నాలుగు వందల కోట్ల చెట్లు పోయాయి. వేళ్లు మాత్రం చావలేదు. నేటికీ మోడుల నుంచి చిగుళ్లు వస్తాయి, మనిషి ఎత్తో రెండు మనుషుల ఎత్తో పెరుగుతాయి, మళ్లీ తెగులు పట్టి ఎండిపోతాయి. ఆ జాతిని నిలబెట్టేందుకు 1983లో ఏర్పడిన సంస్థ ఇంకా కృషి చేస్తూనే ఉన్నది. మనుమడి భూమిలో ఉన్నవి మాత్రం తెగులును తట్టుకునే చైనా చెస్ట్‌నట్ సంకరజాతులు. పన్నెండేళ్ల క్రితం నాటినవి.

ఆ పుస్తకంలో ఒక సంగతి చదివి తాతా, నేనూ చాలాసేపు నవ్వుకున్నాము. జింకల కోసం నాటిన మొక్కను మొదట కాపాడవలసింది జింకల నుంచేనట. లేతచిగురు కనిపిస్తే బతకనివ్వవు. అందుకని ప్రతి మొక్కకూ నిలువెత్తు ప్లాస్టిక్ గొట్టం తొడగాలి, ఎలుకలు కొరకకుండా మొదట్లో జాలి కట్టాలి, జింక మూతికి కొమ్మ అందనంత ఎత్తు పెరిగేదాకా గొట్టం తీయకూడదు.

"ఆకలిగొన్నోని కోసం వండుకుంట, ఆన్నే తలుపు బయట నిలబెట్టినట్టుంది," అన్నారు తాత.

నవ్వు ఆగిన తరువాత అసలు చిక్కు వచ్చింది. వేటభూమిలో జింకల కోసం వేసే ఇటువంటి తోటలకూ మళ్లకూ ఇంగ్లీషులో ఉన్న పేరు చాలా సాధువైనది, ఆహారపు మడి అని దాని అర్థం. నేను మేతమడి అని రాశాను. రాసిన తరువాత కలం ఆగిపోయింది. మేత అంటే పశువు బ్రతకడానికి వేసేది. పట్టుకోవడానికో చంపడానికో వేసేదానికి మన భాషలో వేరే మాట ఉన్నది, ఎర. గాలానికి గుచ్చిన వానపామును ఎవరైనా చేపకు వేసిన మేత అంటారా?

పెన్సిల్వేనియా చట్టానికి ఈ తేడా తెలుసు, కాని అది గీసిన గీత వేరు. అక్కడ మొక్కజొన్న గింజలు కుప్పపోసి వాటి దగ్గర కాచుకొని జింకను కాల్చడం సామాన్యంగా నేరం. అది ఎర. అదే స్థలంలో నేలలో వేళ్లూనిన చెట్టు తనంత తాను రాల్చిన కాయల దగ్గర కాచుకొని కాల్చడం నేరం కాదు. అది వ్యవసాయం. గింజ మనిషి చేతి నుంచి పడిందా, కొమ్మ నుంచి పడిందా అన్నదే ప్రశ్న. చెట్టును నాటినది కూడా ఆ చేయే గదా అని అడిగితే న్యాయశాస్త్రం దగ్గర సమాధానం ఉంటుందేమో. అనువాదం చేసేవారి దగ్గర మాత్రం లేదు.

నిజానికి ఈ వేటభాష అంతా పాతకాలపు గందరగోళమే. మనం అడవి అని అనువదించే ఇంగ్లీషు మాట 'ఫారెస్ట్' మధ్యయుగపు ఇంగ్లండులో చెట్ల గుంపుకు పేరు కాదు, రాజు వేటకోసం ప్రత్యేకించిన భూమికి చట్టం పెట్టిన పేరు. అందులో చెట్లుండవచ్చు, ఉండకపోవచ్చు, పల్లెలూ ఉండవచ్చు. ఆ భూమిలో ఓక్ గింజలు రాలే కాలంలో తమ పందులను మేపుకునే హక్కు కోసం ప్రజలు పోరాడవలసి వచ్చింది. 1217 నాటి అటవీ శాసనంలో ఆ హక్కుకు చోటు దొరికింది. ఇక 'డీర్' అంటే మొదట ఏ జంతువైనా సరే. సంస్కృతంలో మృగం కూడా అంతే. జంతువు అనే అర్థమూ, జింక అనే అర్థమూ ఒకే మాటలో ఉన్నాయి. వేటకు మృగయ అన్న మాట అక్కడి నుంచే పుట్టింది. మృగం నడిచిన జాడయే మార్గమని పండితులు చెబుతారు. మనం రోజూ నడిచే దారి పేరులో కూడా ఒక జింక పరుగెడుతూనే ఉన్నదన్నమాట.

చెస్ట్‌నట్‌కు మాట దొరకలేదని ఒకనాటి సాయంత్రం తాతతో మొర పెట్టుకుంటే ఆయన తేలికగా, "గిదంత మన ఇప్పచెట్టు ముచ్చటనే గద బిడ్డా! పేరే వేరు," అన్నారు.

వృక్షశాస్త్రం ప్రకారం అది తప్పు. చెస్ట్‌నట్‌కూ ఇప్పకూ ఏ బంధుత్వమూ లేదు. కాని నేల మీద జరిగే పనిని చూస్తే ఆయన మాటే సరియైనది. వాళ్లకు శరత్తులో గింజ రాలుతుంది, మనకు ఎండాకాలపు మొదట్లో పువ్వు రాలుతుంది. అడవిలో గడ్డి ఎండి, నీటికుంటలు అడుగంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆకులన్నీ రాల్చుకొన్న ఇప్పచెట్టు అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా పాలమీగడ రంగు పూలను టపటపా నేలమీద రాలుస్తుంది. తేనె వాసన, నిండా చక్కెర. దుప్పులు, కణుజులు, కొండగొర్రెలు, ఎలుగుబంట్లు, అడవిపందులు అన్నీ దాని కిందికే చేరతాయి. పైన గబ్బిలాలు, కొండముచ్చులు. కొండముచ్చులు తినేదానికన్న పారవేసేది ఎక్కువ గనుక వాటి వెంట దుప్పులు తిరుగుతూ ఉండటం మన అడవుల్లో నిత్యం కనిపించే దృశ్యం. ఇంతమంది తిన్నా చెట్టుకు నష్టం లేదు. రాలేది పూరేకుల గిన్నె మాత్రమే, పిందె కొమ్మనే అంటిపెట్టుకొని ఉంటుంది. వానల ముందర అది పండి, గింజనిస్తుంది. ఆ గింజనుంచి నూనె. గుజరాతీలో చెట్టు మహుడో, గింజ డోళీ, నూనె డోళియుం.

ఆ మాట విన్న తరువాత ఇప్పచెట్టును పూతకాలంలో ఒకసారి చూడకుండా ఈ అనువాదం ముగించకూడదనిపించింది. సూరత్‌కు ఈశాన్యంగా సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో డేడియాపాడా ఉన్నది. దానిని ఆనుకొని శూలపాణేశ్వర్ అభయారణ్యం. ఒకప్పుడు రాజపీప్లా సంస్థానపు రాజుల వేటభూమి అది. 1982లో ఎలుగుబంట్ల కోసం డుమ్‌ఖల్ అభయారణ్యంగా ప్రకటించి, తరువాత విస్తరించి ఆరు వందల చదరపు కిలోమీటర్లు దాటించారు. ఏప్రిల్ మొదటివారంలో, తెలిసినవారి ఇంట్లో రాత్రి గడిపి, ఇంకా చీకటి ఉండగానే వసావా స్త్రీల వెంట బయలుదేరాను.

పూలు ఏరుకోవడం అంటే పండుగ వంటిదని పట్నంలో ఉన్నవారు అనుకుంటారు. నడుము వంచి మూడు గంటలు ఒక్కొక్క పువ్వే ఏరాలి. ప్రతి కుటుంబానికీ ఫలానా చెట్లు అన్న ఒప్పందం ఉన్నది, తగాదా రాదు. ఒక వృద్ధురాలు నేలమీద చెల్లాచెదరైన పూలమధ్య ఖాళీగా ఉన్న వలయాన్ని చూపి, రాత్రి జింక వచ్చి వెళ్లిందని చెప్పింది. తడినేల మీద గిట్టల జాడ ఉన్నది. కోపం వచ్చిందా అని అడిగాను. నా ప్రశ్న ఆమెకు అర్థం కాలేదు. జింక సంగతి పక్కన పెట్టి, ఎలుగుబంటి ఎదురయితే ఏం చేయాలో మాత్రం శ్రద్ధగా చెప్పింది.

నాకు కలవరం కలిగించినది మరొకటి. చెట్ల కింద నేల నల్లగా కాలి ఉన్నది. ఎండాకుల్లో పువ్వు కనిపించదని, పూతకు ముందు ఆకుల్ని తగులబెడతారు. ఆ మంటకు గడ్డితోబాటు ఇప్పమొలక కూడా మాడిపోతుంది. ఇప్పగింజ ఎంతోకాలం నిల్వ ఉండదు, కొన్ని వారాల్లోనే మొలకెత్తే శక్తి కోల్పోతుంది. నేలమీద మిగిలిన కొద్ది గింజలకు నిప్పు, పశువుల డెక్క, మేకల నోరు తప్పాలి. నేను చూచిన చెట్లన్నీ నా తాతల వయస్సువి. నా మోకాలెత్తు మొక్క కోసం ఆ ఉదయమంతా వెతికాను, ఒక్కటీ కనిపించలేదు. కొన్ని రాష్ట్రాల్లో మంట పెట్టకుండా చెట్టు కింద వలలు కట్టి పూలు పట్టే పద్ధతి ఇప్పుడిప్పుడే వస్తున్నది. నిప్పు మానడానికి అది చాలా మంచి ఉపాయం. కాని వల కట్టిన చోట పువ్వు నేలకు చేరదు. జింక ఏమి తినాలో ఎవరూ చెప్పలేదు.

ఈ పువ్వు మీద ఆంక్షలు పెట్టిన ప్రభుత్వాలు కూడా ఉన్నాయి. ఇప్పసారాను అదుపు చేయడానికి, అబ్కారీ ఆదాయం కాపాడుకోవడానికి, బొంబాయి ప్రభుత్వం 1892లో కొన్ని జిల్లాల్లో పువ్వు సేకరణకే కళ్లెం వేస్తూ చట్టం చేసింది. జింకకు ఆ చట్టం వర్తించలేదు కాబోలు! అటవీ ఉత్పత్తులు సేకరించుకునే హక్కును చట్టం స్పష్టంగా ఒప్పుకున్నది 2006లో.

తిరిగి వచ్చి ఇవన్నీ చెబుతుంటే తాత చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆయన చెప్పిన సంగతిని నేను వీలైనంతవరకు ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"సిరిసిల్ల దిక్కు మా ఊరు. నైజాం పటేండ్ల కాలం. నాకు ఏడెనిమిదేండ్లుంటయి. నూలు దొరకక మగ్గం బందయింది. గుట్టకింద ఇప్పచెట్లు ఉండె. మా అమ్మ తెల్లారకముందే పోయి పువ్వు ఏరుకొచ్చి, ఉడకబెట్టి మాకు పెట్టేది. ఓసారి దొర వేటకొస్తుండని జవాన్లు నాలుగు రోజులు ఎవ్వరినీ చెట్లకాడికి రానియ్యలె. పువ్వు కుప్పలు కుప్పలు పడనియ్యాలె, అప్పుడే జింకలు మస్తుగ ఒస్తయట. చెట్టు మీద మంచె కట్టిన్రు. కట్టెలు మోసింది మా నాయిననే, వెట్టికి. పొద్దుగాల జింకను మోస్కరానికి మమ్ముల పిలిసిన్రు. కడుపు కోసిన్రు బిడ్డా. నిండ ఇప్పపువ్వే. వాసన ఇయ్యాలటికి మరువలె. ఆ నాలుగు పొద్దుల పువ్వు మా అమ్మది."

మచాన్ అని హిందీలో అనే ఆ ఎత్తుపీటకు మన మాట మంచె. చేనుకు కాపలా కాసే రైతుకూ, జింక కోసం కాచుకునే దొరకూ అదే మాట. ఎవరిని ఎక్కిస్తే వారి పని చేస్తుంది.

పాఠకులు తొందరపడి అమెరికా వేటగాణ్ణి మన దొర పక్కన కూర్చోబెట్టవద్దని నా మనవి. నేనూ మొదట ఆ తొందరలోనే ఉన్నాను. పెన్సిల్వేనియాలో జింకల్ని తినే తోడేళ్లూ, కూగర్లూ ఏనాడో అంతరించాయి. ఇరవయ్యో శతాబ్దపు ఆరంభంలో జింకలు కూడా దాదాపు అంతరించి, 1906 నుంచి ఇతర రాష్ట్రాలనుంచి కొని తెచ్చి విడవవలసి వచ్చింది. అమెరికా దేశమంతటా అప్పటికి మిగిలినవి సుమారు అయిదు లక్షలలోపే. ఈనాడు తెల్లతోక జింకలు మూడు కోట్ల దాకా ఉన్నాయని అంచనా. తుపాకుల మీద, తూటాల మీద వేసే పన్ను 1937 చట్టం ప్రకారం వన్యప్రాణి సంరక్షణకే పోతుంది, అనగా వేటగాడి జేబులోంచే. జింకలు మితిమీరిన చోట అడవిలో కొత్త మొక్క లేవదు. నేను డేడియాపాడాలో నిప్పు చేత చూచిన పనిని అక్కడ జింక మూతి చేస్తున్నది. మన దేశంలో 1972 చట్టం, 1991 సవరణ తరువాత వినోదపు వేట ముగిసింది. నైజాం నవాబుల వేటభూమి ఒకటి హైదరాబాదు అంచున 1975లో మహావీర హరిణ వనస్థలి అయి, నేడు చుట్టూ నగరం కమ్ముకున్నా జింకల్ని కాపాడుకుంటున్నది. మన అడవుల్లో కొరత జింకలకు. వాళ్ల అడవుల్లో కొరత జింకను తినేవారికి. రెండింటికీ ఒకే తూకపురాయి పనికిరాదు.

ఇవన్నీ తాతకు చెప్పాను. ఆయన విన్నారు. ఎందుకంటే నిర్ణయం నిజంగానే ఆయన చేతిలోకి వచ్చింది. పాత యజమాని కాలం నుంచి ఆ భూమిలో ఏటా వేటాడుకునే పొరుగు రైతు ఒకాయన, ఈ ఏడు కూడా అనుమతి ఇస్తారా అని మనుమణ్ణి అడిగాడట. ఒక్క జింకతో ఆ ఇంటికి చలికాలమంతా మాంసం. కాదంటే పొరుగుతో మాట పోతుంది. అవునంటే తాతకేమనిపిస్తుందో అని ఆ పిల్లవాడు సందేహించాడు. పుస్తకం పంపిన అసలు కారణం అదే. ఇక్కడి మనిషి అక్కడి చట్టాన్ని అడిగితే తేలిపోయేదానికి తాతను ఎందుకు అడిగాడో నాకు తెలియదు గాని, అడగడం బాగున్నది.

మే నెలాఖరుకు అనువాదం పూర్తయింది. చెస్ట్‌నట్‌ను చెస్ట్‌నట్‌గానే ఉంచాను. ఇప్ప అని రాస్తే తాతకు సంతోషమే, కాని మనుమడి చెట్టుకు అది అబద్ధం. కళ్లజోడు తుడుచుకొని ఆయన నా వరండాలోనే కూర్చొని చదివారు, వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, రెండు మధ్యాహ్నాలు. నాటడం, గొట్టాలు, కాపు, ఇవన్నీ దాటి, వేటగాడి మంచె చెట్లకు ఎంత దూరంలో ఉండాలో చెప్పే పేజీ దగ్గర వేలు ఆగింది.

"ఈడ మేత అని రాసినవు."

"అవును తాతా. పుస్తకమంతా ఒకటే మాట వాడాలి గదా అని."

"అక్కడిదాక మేతనే. ఈడ మాత్రం కాదు. దిద్దు బిడ్డా."

అనువాదశాస్త్రం ప్రకారం ఒకే పారిభాషిక పదానికి ఒకే పుస్తకంలో రెండు మాటలు వాడకూడదు. ఇంతకాలం ఎందరికో ఆ నియమం నేనే చెప్పాను. ఆ పేజీలో ఎర అని దిద్దాను.

మనుమడికి ఆయన ఫోనులో చెప్పినది నా ఎదుటనే. పొరుగాయనను కొట్టుకోనిమ్మన్నారు, ఆయన ఇంటికి తిండి అది. కాని ఆ చెట్ల కింద వద్దు, భూమి అవతలి అంచున వాగు దగ్గర కూర్చోమనాలి. ఆ కాయలు మనుషులు తినేవే కనుక సగం ఏరి ఇరుగుపొరుగుకు పంచాలి. తక్కిన సగం ముట్టవద్దు.

పొరుగాయన నవ్వి, వాగు దగ్గరకూ జింకలు వస్తాయి, కాకపోతే ఎక్కువసేపు చలిలో కూర్చోవాలి అన్నాడట. ఒప్పుకున్నాడు. అక్టోబరులో మనుమడు ఒక ఫోటో పంపాడు. గడ్డిమీద విచ్చిన ముళ్లకాయలు, పక్కన ఒక బుట్ట. తాత ఫోను కంటికి దగ్గరగా పెట్టుకొని చూచి, గింజ ఇప్పపలుకంత ఉంటుందా అని అడిగారు. అంతకంటె పెద్దదే అన్నాను.

"బుట్టల సగమే ఏరిండా, ఎక్కువ ఏరిండా, జర అడుగు," అన్నారు.